రాత్రి పని జరిగిందని పొద్దున్నే తెలియాలి: సర్వర్‌లో క్రాన్ జాబులు పెట్టడం, చెడితే పట్టుకోవడం

అమీర్‌పేటలో లినక్స్ కోర్సు పూర్తిచేసి వచ్చిన పిల్లలను క్రాన్ (చెప్పిన టైముకు పనిని దానంతటదే నడిపే ప్రోగ్రాము) గురించి అడిగితే ఐదు నక్షత్రాల పాఠం గడగడా ఒప్పజెబుతారు. నిమిషం, గంట, తేదీ, నెల, వారం. అది తప్పక రావలసిన పాఠమే, కానీ అక్కడితో ఆగితే సగం పని కూడా రానట్టే. నేను హైదరాబాద్‌లో చిన్న వ్యాపారాల సర్వర్లు చూసుకుంటాను. బేగంబజార్‌లో హోల్‌సేల్ దుకాణాలు, దిల్‌సుఖ్‌నగర్ వైపు డయాగ్నస్టిక్ కేంద్రాలు, రెండు మూడు బడులు. వీళ్లలో ఎవరికీ రాత్రిపూట కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి లేడు. బ్యాకప్, లెక్కల నివేదిక, పాత ఫైళ్ల తొలగింపు అంతా క్రాన్ మీదే వదిలి ఇంటికి వెళ్తారు. ఇన్నాళ్లలో నేను చూసినవాటిలో టైము తప్పుగా రాసినందువల్ల చెడిన జాబులు (క్రాన్‌కు అప్పగించిన పనులు) తక్కువ. సరైన టైముకే మొదలై, పని చేయలేక, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా ఆగిపోయినవే ఎక్కువ. అందుకే టైము రాయడం కన్నా, పని జరిగిందో లేదో తెలుసుకునే ఏర్పాటు గురించి ఇక్కడ ఎక్కువ చెబుతాను.

ఒక మాట. ఆదేశాలను పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. పెద్ద అక్షరాలు అని చెప్పినచోట తప్ప మిగతావన్నీ చిన్న అక్షరాలే.

జాబు పెట్టడం

ముందుగా ఆ పని ఎవరి పేరున నడవాలో తేల్చుకోండి. ప్రతిదీ రూట్ (సర్వర్‌లో అన్ని అధికారాలూ ఉన్న యూజర్) పేరున పెట్టేయడం మన దగ్గర బాగా పాతుకుపోయిన అలవాటు. బిల్లుల ఫైళ్లు చదివి ఒకచోట దాచే పనికి రూట్ అధికారం అక్కర్లేదు. దానికొక వేరే యూజర్‌ను సృష్టించి, ఆ యూజర్‌గా లోపలికి వెళ్లి ఇలా కొట్టండి:

క్రాన్‌ట్యాబ్ -ఇ

ఆ యూజర్ జాబుల పట్టిక, అంటే క్రాన్‌ట్యాబ్, ఎడిటర్‌లో తెరుచుకుంటుంది. అందులో ఒక పంక్తి:

30 2 * * * /ఆప్ట్/పనులు/బ్యాకప్.ఎస్‌హెచ్

రోజూ రాత్రి రెండున్నరకు ఆ స్క్రిప్టు (వరుసగా నడవాల్సిన ఆదేశాల ఫైలు) నడుస్తుంది. మొదటి గడి నిమిషం, 0 నుంచి 59. రెండోది గంట, 0 నుంచి 23. మూడోది తేదీ, నాలుగోది నెల, ఐదోది వారం. వారంలో 0 అన్నా 7 అన్నా ఆదివారమే. */10 అంటే ప్రతి పది నిమిషాలకు. ఇంతవరకు అందరికీ తెలుసు. పొరపాటు పడేది రెండు చోట్ల.

మొదటిది */45. నలభై ఐదు నిమిషాలకోసారి నడుస్తుందనుకుంటారు. నడవదు. ప్రతి గంటలో 0వ నిమిషానికి, 45వ నిమిషానికి నడుస్తుంది. అంటే ఒకసారి నలభై ఐదు నిమిషాల ఎడం, ఇంకోసారి పదిహేను నిమిషాల ఎడం. అరవైని నిశ్శేషంగా భాగించని సంఖ్య ఏది పెట్టినా ఇదే తంతు.

రెండోది తేదీని, వారాన్ని కలిపి రాయడం. నెలలో మొదటి ఆదివారం పని నడవాలని 0 9 1-7 * 0 అని రాస్తారు. తేదీ గడి, వారం గడి రెండూ నింపితే క్రాన్ ‘రెండూ కలిసినప్పుడు’ అని తీసుకోదు, ‘ఏ ఒక్కటి కుదిరినా’ అని తీసుకుంటుంది. కనుక ఆ పని ఒకటి నుంచి ఏడో తేదీ వరకు రోజూ నడుస్తుంది, ఆపైన ప్రతి ఆదివారమూ నడుస్తుంది. దీనికి మందు ఏమిటంటే, గడుల్లో తేదీలు మాత్రమే రాసి, ఈ రోజు ఆదివారమా కాదా అన్నది స్క్రిప్టు లోపల చూసుకోవడం. నెల చివరి రోజు పనికీ ఇదే పద్ధతి. క్రాన్‌కు ‘నెలాఖరు’ అనేది తెలియదు. 28 నుంచి 31 వరకు రోజూ లేచేలా పెట్టి, రేపటి తేదీ 01 అయితేనే ముందుకు వెళ్లమని స్క్రిప్టులో మొదటి పంక్తిగా రాయాలి. జీఎస్టీలో నెలవారీ రిటర్నుల్లో జీఎస్టీఆర్-1కు గడువు మరుసటి నెల 11, జీఎస్టీఆర్-3బీకి 20. ఆ లెక్కలకు ఆధారమయ్యే నెలాఖరు నివేదిక రాకపోతే, ఆ సంగతి పదో తేదీన అకౌంటెంటు అడిగినప్పుడు కాదు, ఒకటో తేదీ పొద్దున్నే తెలియాలి.

క్రాన్‌ట్యాబ్ -ఇ కొట్టేటప్పుడు జాగ్రత్త. కీబోర్డు మీద ‘ఇ’ పక్కనే ‘ఆర్’ ఉంది. క్రాన్‌ట్యాబ్ -ఆర్ అంటే ఉన్న పట్టిక మొత్తాన్ని తుడిచేయడం. చాలా సర్వర్లలో ‘నిజంగానేనా’ అని కూడా అడగదు. అందుకే పట్టికను నేరుగా సర్వర్‌లో దిద్దడం నాకు నచ్చదు. ఒక మామూలు ఫైలులో రాసి, దాన్ని గిట్‌లో (ఫైళ్లలో జరిగిన ప్రతి మార్పునూ గుర్తుపెట్టుకునే ప్రోగ్రాములో) దాచి, ‘క్రాన్‌ట్యాబ్ ఫైలుపేరు’ అని కొట్టి ఎక్కించండి. తుడిచిపెట్టుకుపోయినా నిమిషంలో తిరిగి వస్తుంది, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో కూడా తెలుస్తుంది. ఇలా ఎక్కించే ఫైలులో చివరి పంక్తి తర్వాత ఎంటర్ కొట్టి ఉండాలి. లేకపోతే ఆ చివరి జాబును క్రాన్ పట్టించుకోకపోవచ్చు.

రోజూ అరగంట మీద తేడా వస్తుంటే యూటీసీని అనుమానించండి

దిల్‌సుఖ్‌నగర్ దగ్గర ఒక డయాగ్నస్టిక్ కేంద్రంలో కౌంటరు అమ్మాయి చెప్పిన మాట ఇది: “రోజూ ఆరున్నరకు కంప్యూటర్ ఆగిపోతోంది సార్. పావుగంట తర్వాత దానంతటదే బాగవుతుంది. సరిగ్గా పరగడుపు షుగర్ టెస్టులవాళ్లంతా వచ్చే టైమది.” అంతకుముందు వచ్చినవాళ్లు నెట్‌వర్క్ కేబుల్ మార్చారు, స్విచ్ మార్చారు. ఆ అమ్మాయి చెప్పిన టైమే అసలు ఆచూకీ. క్రాన్‌ట్యాబ్ తెరిస్తే పూర్తి బ్యాకప్ 0 1 * * * అని ఉంది. రాసిన మనిషి ఉద్దేశం రాత్రి ఒంటిగంట. క్లౌడ్‌లో తీసుకున్న ఆ సర్వర్ గడియారం యూటీసీలో, అంటే ప్రపంచమంతా ఆధారంగా తీసుకునే కాలంలో, ఉంది. మన కాలం యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందు. అక్కడ ఒంటిగంట అంటే ఇక్కడ ఉదయం ఆరున్నర.

మన ఐదున్నరలోని ఆ ‘అర’ ఎంతో మేలు చేస్తుంది. జాబులు రాసేవాళ్లు సాధారణంగా పూర్తి గంటలకే పెడతారు. యూటీసీ సర్వర్‌లో అవన్నీ మనకు ఆరున్నర, ఏడున్నర, ఎనిమిదిన్నర ఇలా అరగంటల మీద వచ్చి పడతాయి. ఏ తేడా అయినా రోజూ కచ్చితంగా అరగంట మీదే వస్తుంటే, కేబుళ్లు పీకకముందు ‘టైమ్‌డేట్‌సీటీఎల్’ అని కొట్టి గడియారం ఏ ప్రాంతంలో ఉందో చూడండి. మార్చాలంటే:

సుడో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా

ఏషియాలో, కోల్‌కతాలో మొదటి అక్షరం పెద్దది. మార్చిన వెంటనే క్రాన్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టండి. అప్పటికే నడుస్తున్న క్రాన్ పాత కాలాన్నే పట్టుకుని ఉండే అవకాశం ఉంది. రెడ్ హ్యాట్ వర్గపు లినక్స్ సర్వర్లలో క్రాన్‌ట్యాబ్ పైభాగాన క్రాన్‌_టీజెడ్ అని పెద్ద అక్షరాల్లో రాసి ఆ పట్టిక వరకే కాలాన్ని మార్చుకోవచ్చు. డెబియన్, ఉబుంటు అనే లినక్స్ రకాల మామూలు క్రాన్‌లో దాన్ని నమ్ముకోకండి.

పలు దేశాలకు సేవలందించే సర్వర్ అయితే యూటీసీలోనే ఉంచడం మేలు. అప్పుడు లెక్క మీరే వేసుకోవాలి. ఇక్కడ రాత్రి రెండు అంటే అక్కడ ముందు రోజు రాత్రి ఎనిమిదిన్నర, కనుక 30 20 అని రాయాలి. ‘ముందు రోజు’ అన్నదాన్ని తేలిగ్గా తీసుకోకండి. మన అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము ఐదున్నర దాకా యూటీసీ లెక్కలో నిన్నటి తేదీయే. ఒకటో తేదీ రాత్రి పన్నెండున్నరకు కొట్టిన బిల్లు యూటీసీ ప్రకారం పోయిన నెల బిల్లు. స్క్రిప్టు లోపల తేదీని బట్టి లెక్కలు తీస్తుంటే, ఆ ఒక్క బిల్లు ఒక నెల నివేదిక నుంచి ఇంకో నెలకు జారిపోతుంది. రెండు పైసల తేడా కోసం అకౌంటెంట్లు రాత్రిళ్లు కూర్చుంటారు, తేడా అసలు లెక్కలోనే ఉండదు.

ఏడాదికి రెండుసార్లు గడియారం ముందుకూ వెనక్కూ జరిపే బెడద మనకు లేదు. అమెరికా కాలంలో నడిచే సర్వర్ చూసుకునేవాళ్లు మాత్రం మార్చిలో, నవంబరులో ఆ మార్పు రాత్రి ఒంటిగంటకూ మూడింటికీ మధ్య జరుగుతుందని గుర్తుంచుకుని, ఆ వేళల్లో జాబులు పెట్టకుండా ఉంటే చాలు.

టైము ఎంచుకోవడంలో ఊరి తీరు కూడా చూడాలి. రంజాన్ నెలలో పాతబస్తీ దుకాణాలు అర్ధరాత్రి దాటాక కూడా కళకళలాడుతుంటాయి. ఏడాదంతా రాత్రి పన్నెండుకు హాయిగా నడిచిన బ్యాకప్, ఆ నెలలో సరిగ్గా బిల్లింగ్ రద్దీ మీద పడుతుంది. అలాంటి చోట తెల్లవారుజామున నాలుగున్నర దాటాకే పెట్టండి. ఇంకో సంగతి, పది జాబులనూ సున్నా నిమిషానికే పెట్టకండి. ఒకటి 7కు, ఇంకోటి 23కు, మరోటి 41కి పెడితే డిస్కుకు ఊపిరాడుతుంది.

‘చేత్తో నడిపితే నడుస్తోంది, క్రాన్‌లో నడవడం లేదు’

నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఈ ఒక్క వాక్యమే. దీని అసలు కారణం తెలిస్తే సగం సమస్యలు మీరే విప్పుకోగలరు.

మీరు లాగిన్ అయినప్పుడు మీ చుట్టూ ఎన్నో అమరికలు సిద్ధంగా ఉంటాయి. ఆదేశాలు ఎక్కడ వెతకాలో చెప్పే పాత్, భాషను చెప్పే లాంగ్, మీరు ఎప్పుడో బ్యాష్‌ఆర్‌సీలో రాసుకున్న సొంత అమరికలు. క్రాన్ జాబుకు ఇవి చాలావరకు అందవు. క్రాన్ లేపే షెల్ (ఆదేశాలను చదివి నడిపే ప్రోగ్రాము) ఊరికి కొత్తగా వచ్చిన మనిషి లాంటిది. ‘కోఠీలో ఆ మూల దుకాణం’ అంటే దానికి అర్థం కాదు, ఇంటి నంబరుతో సహా చిరునామా చెప్పాలి. దాని పాత్‌లో ఉండేది సాధారణంగా /యూఎస్ఆర్/బిన్, /బిన్ మాత్రమే. మీరు /యూఎస్ఆర్/లోకల్/బిన్‌లో పెట్టుకున్న ప్రోగ్రాము దానికి కనపడదు. నడిపే షెల్ కూడా మీరు లాగిన్‌లో వాడే బ్యాష్ కాదు, ఎస్‌హెచ్. ఉబుంటులో ఆ పేరు వెనక ఉన్నది డ్యాష్. బ్యాష్‌కు మాత్రమే తెలిసిన రాతలు అక్కడ చెల్లవు. పని మొదలయ్యేది యూజర్ హోమ్ డైరెక్టరీలో, స్క్రిప్టు ఉన్న చోట కాదు.

ఊహించడం మానేసి కళ్లారా చూడండి. ఆ అమరికలన్నిటినీ చూపించే ఆదేశం ఎన్వ్. తాత్కాలికంగా ఈ పంక్తి పెట్టండి:

* * * * * ఎన్వ్ > /టీఎంపీ/క్రాన్-ఎన్వ్

ఒక నిమిషం ఆగి ఆ ఫైలు తెరవండి. పక్కనే మీ టెర్మినల్‌లో ఎన్వ్ కొట్టి రెండూ పోల్చండి. మీ దగ్గర ముప్పై పంక్తులు ఉంటే అక్కడ ఆరేడు ఉంటాయి. ఆ తేడాలోనే మీ జవాబు ఉంటుంది. చూశాక ఆ పంక్తి తీసేయడం మరిచిపోకండి. స్క్రిప్టును అదే ఖాళీ వాతావరణంలో పరీక్షించాలంటే రాత్రి దాకా ఆగనక్కర్లేదు:

ఎన్వ్ -ఐ హోమ్=/హోమ్/పనులు పాత్=/యూఎస్ఆర్/బిన్:/బిన్ /బిన్/ఎస్‌హెచ్ -సి '/ఆప్ట్/పనులు/బ్యాకప్.ఎస్‌హెచ్'

ఇందులో సమాన గుర్తుకు ఎడమన ఉన్న హోమ్, పాత్ రెండూ పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఇక్కడ నడిస్తే క్రాన్‌లోనూ దాదాపు నడిచినట్టే.

సరిచేయడం కష్టం కాదు. స్క్రిప్టు మొదటి పంక్తిలో ఏ షెల్ కావాలో స్పష్టంగా రాయండి. రెండో పంక్తిలో సీడీ కొట్టి సరైన డైరెక్టరీలోకి వెళ్లండి. ఆదేశాలకు పూర్తి దారులు ఇవ్వండి, అవి ఎక్కడున్నాయో ‘విచ్’ చెబుతుంది. క్రాన్‌ట్యాబ్ పైన పాత్ (పెద్ద అక్షరాల్లో) రాసుకోవచ్చు, కానీ అక్కడ డాలరు గుర్తు పెట్టి పాత పాత్‌కు కొత్తది కలిపే పద్ధతి పనిచేయదు. మొత్తం దారులన్నీ అక్షరాలా రాయాలి.

తెలుగుతో పని ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. ఒక బడిలో మార్కుల పట్టికలు రాత్రిపూట తయారవుతాయి. పేర్లు తెలుగులో ఉంటాయి. పొద్దున చూస్తే శ్రీలక్ష్మి అన్న పేరు చోట వరసగా పదకొండు ప్రశ్నార్థకాలు. అక్షరాలు మనకు మూడే కనిపించినా కంప్యూటర్ లోపల హల్లులు, పొల్లు, గుణింతపు గుర్తులు విడివిడిగా పదకొండు సంకేతాలు. ఒక్కో సంకేతానికి ఒక్కో ప్రశ్నార్థకం పడింది. పగలు చేత్తో నడిపితే పేరు చక్కగా వస్తోంది, అంటే డేటాబేసులో పేరు భద్రంగానే ఉంది. పాడవుతున్నది రాత్రి బయటికి రాసేటప్పుడు. కారణం లాంగ్ అమరిక లేకపోవడం. ఆ ప్రోగ్రాము పాత జావాలో రాసింది. 2022లో వచ్చిన జావా 18 నుంచి యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలనూ రాయగల పద్ధతి) దానంతటదే వస్తుంది, అంతకుముందు జావాలన్నీ చుట్టూ ఉన్న లాంగ్‌ను చూసి నిర్ణయించుకునేవి. క్రాన్‌ట్యాబ్ పైన ఒక్క పంక్తి చాలు:

లాంగ్=సి.యూటీఎఫ్-8

ఇక్కడ అన్నీ పెద్ద అక్షరాలు. పిల్లల పేర్లు పిల్లల పేర్లలాగే అచ్చవ్వాలి. తెలుగు పేరు వస్తే పాడవుతుందని ఇంగ్లీషులో నమోదు చేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. అది పరిష్కారం కాదు, అలాంటి సలహా వినకండి.

శాతం గుర్తు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బ్యాకప్ ఫైలు పేరులో తేదీ పెట్టడానికి డేట్ ఆదేశంలో శాతం గుర్తు వాడతాం. క్రాన్‌ట్యాబ్‌లో దాన్ని నేరుగా రాస్తే క్రాన్ దాన్ని కొత్త పంక్తిగా తీసుకుంటుంది. ఆదేశం అక్కడితో తెగిపోతుంది, మిగిలినది ఆ ఆదేశానికి ఇన్‌పుట్‌గా వెళ్తుంది. గుర్తుకు ముందు వెనక్కి వాలిన గీత పెట్టాలి: \%. అంతకన్నా మంచిది, క్రాన్‌ట్యాబ్‌లో స్క్రిప్టు పేరు ఒక్కటే రాసి, తేదీలూ గీతలూ అన్నీ స్క్రిప్టు లోపల రాసుకోవడం.

పని ఆనవాలు వదలాలి

ఏమీ చెప్పని జాబును నేను ఒప్పుకోను. మీరూ ఒప్పుకోకండి. కనీసం ఇంత రాయండి:

30 2 * * * /ఆప్ట్/పనులు/బ్యాకప్.ఎస్‌హెచ్ >> /వార్/లాగ్/పనులు/బ్యాకప్.లాగ్ 2>&1

చివరి 2>&1 వల్ల మామూలు మాటలతోపాటు తప్పుల సందేశాలు కూడా లాగ్‌లోకి వెళ్తాయి. వరుస ముఖ్యం. దాన్ని ఫైలు పేరుకు ముందు రాస్తే తప్పుల సందేశాలు లాగ్‌లోకి రావు. ఆ డైరెక్టరీలో రాసే హక్కు ఆ యూజర్‌కు ఉండాలి, లేకపోతే స్క్రిప్టు మొదలే కాదు. స్క్రిప్టు తొలి పంక్తుల్లో మొదలైన టైము, చివర ముగిసిన టైము, ఫలితం అంకె (ఎగ్జిట్ కోడ్) రాయించండి. అన్నిటినీ /డెవ్/నల్‌లోకి, అంటే ఏది వేసినా మాయమయ్యే చోటికి, తోసేసే పంక్తులు చాలా సర్వర్లలో కనిపిస్తాయి. మెయిళ్లు విసిగిస్తున్నాయని ఎవరో ఒకరు అలా చేస్తారు. ఆ రోజు నుంచి ఆ జాబు బతికుందో లేదో ఎవరికీ తెలియదు.

మెయిల్ సంగతి. జాబు ఏదైనా మాట బయటికి చెబితే క్రాన్ దాన్ని మెయిల్ చేస్తుంది. మెయిల్‌టు (పెద్ద అక్షరాల్లో) అనే అమరికలో మీ చిరునామా ఇవ్వవచ్చు. కానీ సర్వర్‌లో మెయిల్ పంపే ప్రోగ్రామే లేకపోతే క్రాన్ ‘నో ఎంటీఏ ఇన్‌స్టాల్డ్, డిస్కార్డింగ్ అవుట్‌పుట్’ అని సిస్టమ్ లాగ్‌లో ఒక పంక్తి రాసి ఊరుకుంటుంది. ఆ పంక్తి కనిపిస్తే జాబు ఏదో చెప్పాలని చూసిందని అర్థం. ఏం చెప్పిందో వెతకండి.

ఇక బేగంబజార్ సంగతి. ఒక హోల్‌సేల్ దుకాణంలో డిస్కు పోయి బ్యాకప్ కావలసి వచ్చింది. బ్యాకప్ డైరెక్టరీలో రోజుకొక ఫైలు, తేదీలతో సహా, ఒక్క రోజు కూడా తప్పకుండా ఉంది. సైజులు చూస్తే కొన్ని నెలలుగా ప్రతిదీ 20 బైట్లు. డేటాబేసు పాస్‌వర్డు మార్చినప్పుడు స్క్రిప్టులో ఎవరూ మార్చలేదు. డేటాబేసును ఫైలుగా బయటికి తీసే మైఎస్‌క్యూఎల్‌డంప్ ప్రతి రాత్రీ తలుపు దగ్గరే ఆగిపోయింది. దాని వెనక గొట్టంతో (ఒక ఆదేశం ఇచ్చినదాన్ని ఇంకోదానికి అందించే పైప్‌తో) తగిలించిన జీజిప్, వచ్చిన శూన్యాన్ని శ్రద్ధగా కుదించి ఫైలు చేసింది. ఏమీ లేనిదాన్ని జీజిప్ చేస్తే సరిగ్గా 20 బైట్లు వస్తుంది. రెండు ఆదేశాలను గొట్టంతో కలిపితే షెల్ చూసేది చివరిదాని ఫలితాన్నే, జీజిప్ గెలిచింది కనుక మొత్తం గెలిచినట్టే రాసుకుంది. ఆ యజమాని పాత బిల్లు పుస్తకాలు తిరగేసి, ఉద్దెర ఇచ్చిన దుకాణాలన్నిటికీ ఫోన్లు చేసి ఖాతాలు తిరిగి రాసుకున్నాడు. అలాంటి పరిస్థితి ఎవరికీ రాకూడదు.

దీనికి కాపలా మూడు పంక్తులు. స్క్రిప్టును బ్యాష్‌లో నడిపి, పైన ఇది పెట్టండి:

సెట్ -ఇ -ఓ పైప్‌ఫెయిల్

అప్పుడు గొట్టంలో ఏ భాగం ఓడినా మొత్తం ఓడినట్టే లెక్క. తర్వాత, తయారైన ఫైలు సైజు ఒక కనీస హద్దు కన్నా ఎక్కువ ఉందో లేదో చూడండి. నిన్నటి ఫైలులో సగం కన్నా తక్కువ ఉంటే అనుమానించాలి. మూడోది, మైఎస్‌క్యూఎల్‌డంప్ పూర్తయినప్పుడు ఫైలు చివరి పంక్తిలో ‘డంప్ కంప్లీటెడ్’ (మొదటి అక్షరం పెద్దది) అని రాస్తుంది. జెడ్‌క్యాట్‌తో విప్పి టెయిల్ -1తో ఆ పంక్తి ఉందో లేదో స్క్రిప్టే చూసుకోవాలి. మధ్యలో తెగిన బ్యాకప్‌ను అది పట్టిస్తుంది. జీజిప్ -టీ ఒక్కటే చాలదు, శూన్యాన్ని కుదించిన ఆ 20 బైట్ల ఫైలును కూడా అది బాగుందనే అంటుంది. వీటన్నిటి తర్వాత కూడా అప్పుడప్పుడూ ఒక బ్యాకప్‌ను వేరే కంప్యూటర్‌లో పూర్తిగా పునరుద్ధరించి, నిన్నటి చివరి బిల్లు నంబరు అందులో ఉందో లేదో కంటితో చూడాలి. ఈ పనికి బదులు లేదు.

హెచ్చరిక ఎలా రావాలి? ‘ఈ రోజు బ్యాకప్ అయింది’ అని రోజూ సందేశం పంపే పద్ధతిని నేను సమర్థించను. వారం రోజులు చదువుతారు, తర్వాత చూడరు. ఆ సందేశం రాని రోజును ఎవరూ గమనించరు. రానప్పుడు అరిచే ఏర్పాటు కావాలి. హెల్త్‌చెక్స్ లాంటి సేవలు చేసేది అదే. స్క్రిప్టు విజయవంతంగా ముగిసినప్పుడు చివరి పంక్తిలో కర్ల్ అనే ఆదేశంతో ఒక వెబ్ చిరునామాను తడుతుంది. అనుకున్న టైముకు ఆ తట్టు రాకపోతే బయటనున్న ఆ సేవ మీకు కబురు పెడుతుంది. సర్వర్ మొత్తం ఆగిపోయినా కబురు వస్తుంది, ఎందుకంటే కాపలా ఉన్నది సర్వర్ బయట. దాని మూలం అందరికీ ఉచితంగానే దొరుకుతుంది, కావాలంటే వేరే సర్వర్‌లో మీరే పెట్టుకోవచ్చు.

ఒకదాని మీద ఒకటి, అసలు నడవని రోజు

ఐదు నిమిషాలకోసారి నడిచే జాబు ఒకరోజు ఏడు నిమిషాలు తీసుకుంటే రెండోది వచ్చి దాని మీద పడుతుంది. రెండూ నెమ్మదిస్తాయి, మూడోది వస్తుంది. సర్వర్ కాసేపట్లో కుదేలవుతుంది. ఎఫ్‌లాక్ పెట్టండి:

*/5 * * * * /యూఎస్ఆర్/బిన్/ఎఫ్‌లాక్ -ఎన్ /టీఎంపీ/సరుకు.లాక్ /ఆప్ట్/పనులు/సరుకు.ఎస్‌హెచ్

ముందుది ఇంకా నడుస్తుంటే కొత్తది పక్కకు తప్పుకుంటుంది. ముందుది ఎప్పటికీ ముగియకుండా వేలాడకుండా టైమౌట్ ఆదేశాన్ని కూడా కలపండి.

వేసవిలో ఈదురుగాలి వాన వస్తే కరెంటు పోతుంది. దుకాణంలోనే పెట్టిన సర్వర్ యూపీఎస్ అయిపోయాక ఆగిపోతుంది. రెండున్నరకు సర్వర్ ఆగి ఉంటే, మూడింటికి లేచాక క్రాన్ ఆ జాబును గుర్తుపెట్టుకుని నడపదు. అది ఆ రోజుకు పోయినట్టే. రోజువారీ పనులకు అనాక్రాన్ ఈ లోటు తీరుస్తుంది. నేనైతే కొత్త సర్వర్లలో సిస్టమ్‌డీ (లినక్స్‌లో సేవలను మొదలుపెట్టి చూసుకునే వ్యవస్థ) టైమర్లే పెడుతున్నాను. ఏం చేయాలో చెప్పే సర్వీస్ ఫైలు ఒకటి, ఎప్పుడు చేయాలో చెప్పే టైమర్ ఫైలు ఒకటి. టైమర్‌లో ఆన్‌క్యాలెండర్ (ఓ, సీ పెద్దవి) దగ్గర టైము, పర్సిస్టెంట్ (పీ పెద్దది) దగ్గర ట్రూ అని రాస్తే తప్పిపోయిన పనిని సర్వర్ లేవగానే నడుపుతుంది. రాసిన టైము సరైనదో కాదో సిస్టమ్‌డీ-అనలైజ్ క్యాలెండర్ చెబుతుంది, ఏది ఎప్పుడు నడుస్తుందో సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్-టైమర్స్ చూపిస్తుంది. లాగ్ అడగకుండానే దాస్తుంది. బాగా నడుస్తున్న పాత క్రాన్ జాబులను మాత్రం దీనికోసం తిరగరాయనక్కర్లేదు.

చెడినప్పుడు వెతికే వరుస

మొదటి ప్రశ్న ఒక్కటే: క్రాన్ ఆ జాబును మొదలుపెట్టిందా, లేదా? దీనికి జవాబు రాకుండా స్క్రిప్టు జోలికి వెళ్లకండి. ఉబుంటులో /వార్/లాగ్/సిస్‌లాగ్‌లో క్రాన్ అన్న మాటను పెద్ద అక్షరాల్లో గ్రెప్‌తో వెతకండి. రెడ్ హ్యాట్ వర్గంలో /వార్/లాగ్/క్రాన్ చూడండి. కొత్త డెబియన్‌లో సిస్‌లాగ్ ఫైలు లేకపోతే జర్నల్‌సీటీఎల్ -యు క్రాన్ అనండి. ఆ టైముకు మీ ఆదేశం పేరుతో పంక్తి ఉంటే క్రాన్ తన పని చేసింది.

పంక్తి లేకపోతే, సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ క్రాన్ అని కొట్టి అసలు క్రాన్ నడుస్తోందో లేదో చూడండి. రెడ్ హ్యాట్‌లో దాని పేరు క్రాన్‌డీ. నడుస్తుంటే, మీరు చూస్తున్న పట్టిక ఎవరిదో చూడండి. సుడోతో తెరిస్తే రూట్ పట్టిక, లేకుండా తెరిస్తే మీది. జాబు /ఈటీసీ/క్రాన్.డీలో ఉంటే ఐదు గడుల తర్వాత యూజర్ పేరు తప్పనిసరి. ఆ ఫైలు రూట్‌కు చెందాలి, ఇతరులకు రాసే హక్కు ఉండకూడదు. డెబియన్, ఉబుంటుల్లో ఆ ఫైలు పేరులో చుక్క ఉంటే క్రాన్ దాన్ని చూడనే చూడదు. క్రాన్.డైలీలో స్క్రిప్టు పేరు చివర .ఎస్‌హెచ్ ఉన్నా అదే గతి, తీసేయండి. రన్-పార్ట్స్‌కు --టెస్ట్ తగిలించి ఆ డైరెక్టరీ పేరు ఇస్తే ఏవి నడుస్తాయో చూపిస్తుంది. యూజర్ పాస్‌వర్డు గడువు తీరిపోయినా ఆ యూజర్ జాబులు ఆగిపోవచ్చు, ఆ సంగతి లాగ్‌లోనే ఉంటుంది.

పంక్తి ఉండి పని జరగకపోతే తప్పు స్క్రిప్టులోనో దాని చుట్టూనో ఉంది. స్క్రిప్టుకు నడిచే హక్కు ఉందా? విండోస్ నోట్‌ప్యాడ్‌లో దిద్ది పంపారా? అలా దిద్దినప్పుడు పంక్తుల చివర కనిపించని అక్షరం చేరితే ‘బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్’ అని రావచ్చు, డాస్2యూనిక్స్ దాన్ని శుభ్రం చేస్తుంది. డిస్కు నిండిందా? డీఎఫ్ -హెచ్ తోపాటు డీఎఫ్ -ఐ కూడా చూడండి. చోటు ఉన్నా ఫైళ్ల లెక్క నిండిపోతే కొత్త ఫైలు పుట్టదు. వేరే సర్వర్‌కు ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్తుంటే, పాస్‌ఫ్రేజ్ ఉన్న మీ తాళంచెవి మీ లాగిన్‌లో తెరుచుకుంటుంది కానీ క్రాన్‌లో తెరుచుకోదు. ఆ ఒక్క పనికి పరిమితమైన వేరే తాళంచెవి ఇవ్వాలి. పనిని డాకర్ పెట్టె (కంటైనర్) లోపల డాకర్ ఎగ్జిక్‌తో నడుపుతుంటే -ఐటీలోని ‘టీ’ తీసేయండి, క్రాన్‌కు టెర్మినల్ ఉండదు.

అన్నీ కుదిరాక పట్టికలో ప్రతి జాబు పైన హ్యాష్ గుర్తు పెట్టి తెలుగులోనో ఇంగ్లీషులోనో రెండు పంక్తులు రాయండి: ఈ పని ఎందుకు, లాగ్ ఎక్కడ, ఆగితే ఎవరికి ఇబ్బంది, ఎవరికి చెప్పాలి. మీరు ఉద్యోగం మారాక ఆ సర్వర్‌ను తెరిచే మనిషి ఆ రెండు పంక్తులు చదివి, ఆపకూడని జాబును ఆపకుండా ఉంటాడు.